నాకు కాదు, నా పగోడిక్కూడా వద్దు

నరసన్నపేటలో డాక్టర్ గణపతిరావు గారి ఆసుపత్రికే ఒక రోగం ఉండేది. రావలసినవాళ్లు వచ్చేవారు కాదు, రానక్కరలేనివాళ్లు తెల్లారకుండానే చెప్పులు వదిలి బల్ల మీద చోటు పట్టేసేవారు. ముక్కు కారుతోందని రెండు ఆటోలు మారి వచ్చే మహారాజు ఒకడైతే, గుండెల్లో గునపం దిగినట్టున్నా ‘రేపు చూద్దాంలే’ అని దుప్పటి కప్పుకునే మహానుభావుడు ఇంకొకడు. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి ఏడు డాక్టరుగారు దీనికి విరుగుడు కనిపెట్టారు. ముందు గదిలో ఒక మేజా, మేజా మీద ఫోను, ఫోను ముందు ఝాన్సీ. ముందు సిస్టర్‌కి ఫోన్ చెయ్యండి, అడిగినదానికి జవాబు చెప్పండి. రమ్మంటే రండి, ఇంట్లో ఉండమంటే ఉండండి, 108 ఎక్కమంటే మారు మాట్లాడకుండా ఎక్కండి. ఇదీ పద్ధతి.

ఝాన్సీ పొందూరు పిల్ల. తల్లి సన్న నూలు వడుకుతుంది. ఝాన్సీ నర్సింగు చదివి, విశాఖపట్నంలో వార్డుల్లో నాలుగేళ్లు నిలబడి, పెళ్లయ్యాక నరసన్నపేట వచ్చింది. చేయి పట్టుకుని చూడకుండా, కంటిరెప్ప కిందికి లాగకుండా, ఉత్త మాటల్లో రోగం పోల్చడమంటే మొదట్లో ఆమెకు నమ్మకం కుదరలేదు. డాక్టరుగారిని అడిగితే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "చెప్పేది విను, చెప్పనిది అడుగు, అనుమానం వస్తే నన్ను కేకెయ్. ఇంతకంటే నాకూ తెలీదు" అన్నారు. అడగవలసిన ప్రశ్నలు మాత్రం వరసగా రాసి మేజా అద్దం కింద పెట్టారు. అన్నిటికంటే పైన ఉన్న ప్రశ్న: ఎవరికి?

ఆ ప్రశ్నతోనే అసిరమ్మ ఝాన్సీ ప్రాణం తోడేసేది.

అసిరమ్మది కళింగపట్నం అవతల ఒడ్డున ఒక పేట. పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని, బుట్ట ఆటోలో పడేసుకుని, నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో దిగి ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. ఆసుపత్రి నంబరు ఆమెకు ఎవరిచ్చారో గానీ, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రోజుకొక ఫోను, ఒక్కోరోజు రెండు.

"సిస్టరమ్మా, నాను అసిరమ్మను. నొప్పమ్మా, ఇక్కడ!"

"ఇక్కడంటే ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడమ్మా, సూడు!"

"ఫోన్లో నాకెలా కనిపిస్తుందమ్మా? ఎవరికి నొప్పి? నీకేనా?"

అంతే, అవతల పిడుగు పడ్డట్టు అరిచేది. "నాకెందుకుంతాదే! గొల్లోల కోడలికి. సూపించి సెప్తన్నాను గానీ నాకు కాదు, నా పగోడిక్కూడా వద్దు. గంగమ్మ తల్లీ, నీ నీళ్లల్లో కలిపీసుకో. తూ, తూ!"

ఒకరి నొప్పి మన ఒంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తే ఆ నొప్పి మనకు వచ్చి కూర్చుంటుందని చాలా ఇళ్లలో పెద్దలు అంటారు. అసిరమ్మకు అది ఊరికే అనే మాట కాదు, ఊపిరి. చూపించకుండా ఉండలేదు, చూపించాక దిష్టి తీసుకోకుండా ఉండలేదు. ఫోన్లో తన పొట్ట మీదో నడుం మీదో చెయ్యి పెట్టుకుని ఇక్కడ ఇక్కడ అనడం, చివర్లో ఆ దండకం చదివి తూతూ అనడం. ఆ ఉమ్ము తన చెవిలోనే పడుతోందేమోనని ఝాన్సీ రిసీవరు దూరంగా పట్టుకునేది.

"సార్, ఆ చేపలావిడ ఊరందరి రోగాలూ మోసుకొస్తోంది. తనవి కానివాటికి తగుదునమ్మా అని ఫోన్లు" అని ఒకరోజు డాక్టరుగారితో మొర పెట్టుకుంది.

డాక్టరుగారు నవ్వారు. "మనం వెళ్లలేని గుమ్మాల్లోకి ఆవిడ వెళ్తోంది. చేపలతో పాటు నీ ఫోన్నంబరు కూడా అమ్ముతోంది, కమీషన్ అడగనంత వరకూ ఊరుకో" అన్నారు.

ఆ మాట ఎంత నిజమో దాలయ్య కాలు తేల్చింది. దాలయ్య ఆ పల్లెల్లో ఒకదానిలో వరి పండించుకునే రైతు, షుగరు మనిషి. కాలికి పుండు పడితే ఎవరికీ చెప్పకుండా గుడ్డ చుట్టి మంచం కింద దాచుకున్నాడు. అసిరమ్మ కానాగడత చేపలు తూచడానికి ఆ గుమ్మంలో కూర్చుంది, ముక్కు ఎగబీల్చింది, ఫోను తీసింది. "సిస్టరమ్మా, ఈ ఇంట్లో ఏదో కుళ్లిపోతన్నాది. నా బుట్టలోది కాదు. నా సేపలు నాకు తెలవ్వేటి?" వెనక నుంచి దాలయ్య "ఒసే, బుట్టెత్తుకుని నెగు, నా ఇంటి సంగతి నీకెందుకే" అని కేకలు. ఆ కేకల మధ్యే ఝాన్సీ అడగవలసినవి అడిగింది. ఆ సాయంత్రమే ఆయన్ని రప్పించారు. రెండు వేళ్లు పోయాయి గానీ కాలు నిలబడింది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఝాన్సీ దాలయ్యకు ఫోను చేసి షుగరు ఎంతుందో, మాత్రలు వేసుకున్నాడో, చెప్పులు లేకుండా తిరుగుతున్నాడో అడిగేది. మూడో దానికి ఆయన ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాడు. అసిరమ్మ మీద మాత్రం ఆయనకు కోపం పోలేదు. కాలు మిగిలినందుకు సంతోషం లేదు, గుట్టు బయటపడినందుకు ఉక్రోషం. ఆమె దగ్గర చేపలు కొనడం మానేశాడు. ‘సచ్చినా దాని సేతి సేప తినను’ అని ఊళ్లో చాటింపు కూడా వేశాడట.

ఝాన్సీకి మాత్రం ఆ రోజు నుంచి అసిరమ్మ గొంతు వినకపోతే పొద్దు గడిచేది కాదు. ‘అసిరమ్మా’ అనేది ‘అత్తా’లోకి ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. అసిరమ్మ ఆటోవాళ్ల చేత కవళ్ల చేపలు పంపేది. శాకాహారి అయిన డాక్టరుగారు ఇంజెక్షన్ల ఫ్రిజ్ తెరిచి, లోపల పొట్లం చూసి, "ఝాన్సీ! వీటికి ఏ వ్యాక్సిన్ వేయాలి?" అని అరిచేవారు. ఇంతా చేసి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆ గొంతును బట్టి ఝాన్సీ ఒక మనిషిని ఊహించుకుంది. తలుపు పట్టనంత మనిషి, అరచేతులు చేటలంత, నవ్వితే బుట్టలో చేపలు ఎగరాలి.

ఒకసారి తీరిక చూసుకుని అడిగింది. "అత్తా, ఎప్పుడూ అందరి సంగతీ చెప్తావు. నీకు ఒంట్లో ఎలా ఉంటుందో ఒక్కసారైనా చెప్పవేం?"

"నాకేటి, ఇనుం ముక్క."

"ఇనుముకీ తుప్పు పడుతుంది."

అసిరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నా పెనిమిటి జోగయ్య మావ ఒకపాలి ఏటకెల్తా నవ్వులాటకి అన్నాడమ్మా, ఈపాలి రానేమోనే, నా సుట్టలు దాసియ్ అని. పైన తథాస్తు దేవతలు ఉంతారు గదా. నవ్వులాటో నిజమో ఆలకేటి తెలుస్తాది? రానేదు. అప్పుట్నుంచి నా నోటితో నా గురించి సెడ్డ అనుకోనమ్మా. ఎవులదైనా నీకు సెప్తాను. నాది మాత్రం సెప్పను."

ఝాన్సీ చదువుకున్న మనిషి కదా, ఏదో ఒకటి చెప్పి కొట్టిపారేయవచ్చు. కానీ ఆ గొంతు ముందు కొట్టిపారేయడానికి మనసు రాలేదు.

భాద్రపదం. వాన లేదు, గాలి లేదు, ఉక్కతో ఊరంతా ఆవిరి కుడుములా ఉంది. మధ్యాహ్నం బయట బల్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఫోను మోగింది.

"సిస్టరమ్మా."

గొంతు అసిరమ్మదే. జోరు మాత్రం లేదు.

"చెప్పు అత్తా. ఎవరికి?"

"ఒక ఆడమనిసికమ్మా. దారిన పోయే మనిసి. దవడ లాగేస్తన్నాదంట. ఎడం సెయ్యి బరువుగా ఉన్నాదంట. గేసు గావాల. సోడా తాగితే తగ్గిపోతాది గదా?"

"వయసెంత?"

"నా ఈడే అనుకో."

"చెమటలున్నాయా?"

"ఈ ఉక్కకి సెమటలు ఎవులకి నేవమ్మా?"

"గుండెల్లో నొప్పా?"

"నొప్పని కాదు. రోకలెట్టి అదిమినట్టు. ఇక్కడ."

ఝాన్సీ కలం రాస్తూనే ఉంది. గుమ్మం దగ్గర ఎవరో "సిస్టరుగారూ, నా నంబరొచ్చిందా" అంటున్నారు. ఆమె సొంత సెల్లు మోగుతోంది. "ఆవిడకి ఫోనియ్యి, నేను మాట్లాడతాను" అంది.

"ఆవిడ మాటాడలేదమ్మా. ఆయాసం. సోడా తాగమని సెప్పీనా?"

ఝాన్సీ ఎదురుచూసింది. దేనికి ఎదురుచూస్తోందో వెంటనే తెలియలేదు. ఏదో రావాలి, రాలేదు. వాళ్లమ్మ రాట్నం తిప్పుతూ పక్కింటావిడతో కబుర్లాడుతున్నా, నూలు తెగగానే చెయ్యి ఆగిపోయేది. అలా ఆగింది ఝాన్సీ చేతిలో కలం.

ఇక్కడ అంది. ఇక్కడ అని చూపించింది. తూతూ అనలేదు.

"అత్తా, గంగమ్మ మాట అనలేదేం?"

"ఏటి?"

"నాకు కాదు, నా పగోడిక్కూడా వద్దు అని రోజూ అంటావుగా. ఒక్కసారి అను. అంటే సోడా తాగమని నేనే చెప్తాను."

అవతల ఎక్కడో కాకి అరిచింది. ఆ తర్వాత ఊపిరి. తెగి తెగి వస్తున్న ఊపిరి.

"అత్తా!"

"అనలేనమ్మా" అంది అసిరమ్మ. "నీకు అబద్దం ఆడగల్ను గానీ, తల్లికి ఎలాగ ఆడతాను?"

ఝాన్సీ పుట్టి బుద్ధెరిగాక ఇంత భయం ఎరగదు. అయినా గొంతు వణకనివ్వలేదు. ఫోను మీద పనిచేసే మనిషికి గొంతే చెయ్యి, గొంతే కన్ను. అది వణికితే రోగి చెయ్యి వదిలేసినట్టే.

"సరే అత్తా. నువ్వేమీ అనకు. నీ తరఫున అన్నీ నేను అంటాను. లేవకు, నడవకు. బుట్ట పక్కన పెట్టి గోడకి ఆనుకుని కూర్చో. ఏ ఊళ్లో ఉన్నావు?"

"దాలయ్య ఊరు. సివర పాకలోన. ఎవులూ నేరు, కలుపులకి ఎల్లిపోనారు."

"ఫోను పెట్టకు. చెవి దగ్గరే ఉంచు. నేనిక్కడే ఉంటాను."

ఒక చేత్తో ఆ రిసీవరు చెవికి అదిమి పెట్టుకుని, రెండో చేత్తో సొంత సెల్లు తీసి 108కి చెప్పింది. అంతలోనే డాక్టరుగారిని కేకేసింది. ఆయన స్టెతస్కోపు ఎవరి వీపు మీదో వదిలేసి వచ్చారు. విషయం ఆమె రెండు ముక్కల్లో చెప్పింది, ఆయన ఒక్క ముక్కలో అడిగారు. "దాలయ్య ఇంట్లో ఆ రక్తం పలచబడే మాత్రలున్నాయిగా? నేనే రాశాను. నాలుగు నమిలించమను."

ఝాన్సీ అదే సెల్లులో దాలయ్యకు చేసింది. ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు.

"ఏటి సిస్టరమ్మా, ఈయేళ మంగళవారం కాదు గదా?"

"దాలయ్యగారూ, చివర పాకలో అసిరమ్మ ఉంది. గుండెపోటులా ఉంది. మీ చిన్న తెల్ల మాత్రల అట్ట పట్టుకుని బేగి వెళ్లండి."

"ఏ అసిరమ్మ? నా కాలు బయటెట్టిన అసిరమ్మా?"

"మీ కాలు నిలబెట్టిన అసిరమ్మ."

మంచం కిర్రుమంది. గ్లాసు కింద పడిన చప్పుడు, తలుపు చప్పుడు. "ఎల్తన్నాను, ఎల్తన్నాను" అని దూరమవుతున్న గొంతు.

"చెప్పులేసుకోండి!" అని అరిచింది ఝాన్సీ. అలవాటు. బల్ల మీద రోగులంతా ఉలిక్కిపడి తమ కాళ్ల వంక చూసుకున్నారు. దాలయ్య వేసుకోలేదని వేరే చెప్పనక్కర్లేదు.

అసిరమ్మ ఫోను ఇంకా తెరిచే ఉంది. "అత్తా, ఉన్నావా? ఏ మందైనా పడదా నీకు? కడుపులో పుండుందా?" "నేదు." "మాట్లాడుతూ ఉండు. ఇవాళ బుట్టలో ఏం చేపలు?" "సందువలు... రెండు మిగిలినాయి..." "ఎవరి కోసం ఉంచావు?" "నీ కోసవేనే." ఝాన్సీ పెదవి గట్టిగా కొరుక్కుంది. అంతలో ఆ ఫోన్లోంచే రొప్పుతూ ఇంకో గొంతు వినబడింది.

"ఒసే అసిరమ్మా! నోరు తెరు!"

"నీ సేతి మాత్ర నానేటి..."

"మింగడం కాదే, నమలాల! పీతలు పరపరా నమిలీగల్వు, మాత్ర నమల్లేవేటి? తెరు!"

నమిలిన చప్పుడు వినబడదు గానీ ఝాన్సీకి వినబడింది. ఆ తర్వాత దాలయ్య తనలో తాను గొణుగుతున్నాడు. "సావకే. నీ దగ్గిర సేపలు కొనక ఏడాదైపోనాది, బాకీ నానే పడ్డాను. సావకే." సైరను దగ్గరికి వచ్చేదాకా అదే గొణుగుడు. ఫోను ఎప్పుడు తెగిందో ఝాన్సీ గమనించలేదు. కూమని మోగుతున్న రిసీవరు అలాగే చెవికి పెట్టుకుని కూర్చుంది. డాక్టరుగారు దాన్ని మెల్లగా ఆమె చేతిలోంచి తీసి యథాస్థానంలో పెట్టారు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తానే ఫోను చేసి వచ్చే కేసు సంగతి చెప్పారు. మళ్లీ ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి, "ఆ బుట్ట సంగతి కనుక్కో. ఈ ఉక్కకి చేపలు పాడైపోతాయి" అన్నారు. చేపల వాసన పడని మనిషి.

బుట్ట సంగతి దాలయ్య చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన పాక ముందు గొంతుక్కూర్చుని, కలుపుల నుంచి వస్తున్న ఆడవాళ్లకు మిగిలిన చేపలు అమ్మాడు. బేరమాడినవాళ్లను అసిరమ్మ కంటే ఘాటుగా తిట్టాడట. చేతుల వాసన రెండు రోజులు వదల్లేదని మంగళవారం ఫోన్లో ఝాన్సీకి ఫిర్యాదు కూడా చేశాడు.

ఆదివారం ఝాన్సీ శ్రీకాకుళం వెళ్లింది. వార్డంతా తిరిగింది. తలుపు పట్టనంత మనిషి ఎక్కడా కనిపించలేదు. కిటికీ పక్క మంచంలో పిడికెడంత మనిషి, ఎండబెట్టిన నెత్తళ్ల చేపలా ఉంది, పక్క మంచం ఆవిడతో గుసగుసలాడుతోంది. ఝాన్సీ దగ్గరికి వెళ్లి, "ఏమ్మా, ఇక్కడ అసిరమ్మ అని చేపలావిడ..." అంది.

ఆ చిన్న మనిషి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. చూపు వల్ల కాదు, గొంతు వల్ల పోల్చుకుంది.

"ఓలమ్మో! నా సిస్టరమ్మే!"

"నువ్వా అత్తా?"

"నాను గాక! ఏటే, ఇంత పొడుగున్నావు? గొంతిని సిన్న గుంటపిల్ల గావాలనుకున్నాను!"

ఝాన్సీ మంచం మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. నాడి చూద్దామనే పట్టుకుంది, చూడడం మరిచిపోయింది. ఇన్నాళ్లూ వినికిడి మీద పెంచుకున్న ప్రేమకు పట్టుకోవడానికి ఇప్పుడొక చెయ్యి దొరికింది. ఏడుస్తోందని తెలిసి కూడా ఆపుకోలేదు.

"ఏడవకే. రోజూ నాడి సూసీవోలు ఏడిస్తే మాకు దడ" అంది అసిరమ్మ, తాను ఏడుస్తూ.

వచ్చేటప్పుడు ఝాన్సీ ఒకే ఒక్క మాట అడిగింది. "అత్తా, ఇకనైనా నీ సంగతి నాకు చెప్తావా? తథాస్తు దేవతలకి నేను వేరే ఫోనుంచుతాను. వాళ్లు వినరు."

అసిరమ్మ నవ్వింది.

కార్తీకం వెళ్లాక ఆమె మళ్లీ బుట్టెత్తింది, సగం బుట్ట, సగం ఊళ్లు. ఫోన్లు మొదలయ్యాయి. దాసరోళ్ల బిడ్డకు దగ్గు, చినబాబు మోకాలు, నాకు కాదు, నా పగోడిక్కూడా వద్దు, తూ, తూ. రిసీవరు దూరంగా పెట్టడం ఝాన్సీ ఎప్పుడో మానేసింది.

ఎండాకాలంలో ఒక ఉదయం, జనం ఇంకా రాలేదు. ఫోను మోగింది.

"సిస్టరమ్మా."

"చెప్పు అత్తా. ఎవరికి?"

ఊపిరి మాత్రం వినబడింది. ఝాన్సీకి భాద్రపదం గుర్తొచ్చింది.

"ఎవరికి అత్తా?"

"నాకేనమ్మా" అంది అసిరమ్మ.

ఆ ఒక్క మాట అనడానికి ఆ మనిషి ఎంత సముద్రం ఈదుకొచ్చిందో ఝాన్సీకి తెలుసు. ఏమీ తెలియనట్టే అద్దం కింద ప్రశ్నలు వరసగా అడిగింది. ఎక్కడ? పొట్ట పైన. ఎప్పటి నుంచి? రాత్రి పనస తొనలు తిన్నాక. దవడ? బానే ఉన్నాది. చెయ్యి? బుట్టెత్తినాను గదా. చెమట? నేదు. ఊపిరి? నీతో తగువాడగల్ను. మాత్రలు? ఏసీసుకున్నాను. అంతా మళ్లీ అడిగింది, వెనక నుంచి ముందుకు అడిగింది. పనస తొనలే. అయినా ఊరుకోలేదు. "పనసే అనిపిస్తోంది. కానీ నీ గుండె దెబ్బ తిన్న గుండె, డాక్టరుగారు ఒకసారి ఈసీజీ పట్టీ తీసి చూడాలి. బుట్ట దించి ఇటే ఆటో ఎక్కు" అంది.

"వస్తాను గానీ, నువ్వు సెయ్యి ఎక్కడెట్టుకున్నావే?"

ఝాన్సీ కిందికి చూసుకుంది. తన కుడిచెయ్యి తన గుండె మీదే ఉంది. ఎప్పుడు పెట్టుకుందో తెలియదు.

"నాకు తెలుసునే. ఎవులైనా అక్కడే ఎడతారు. అనీసుకో బేగి. నాకు కాదు, అను."

"నాకు..." అని మొదలుపెట్టింది ఝాన్సీ.

కాదు అన్న మాట నోటికి రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నించినా రాదని తెలుసు. ఆ నొప్పి తనది కాదని గంగమ్మకు ఎలా చెబుతుంది?

"గంగమ్మ తల్లీ, మా అత్తని చల్లగా చూసుకో. తూ, తూ" అంది, ఫోను నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని.

"సీ, సీ! నా సెవిలో ఉమ్మీసినావే!" అని అసిరమ్మ ఆటోవాడిని కేకేసింది.